బంగారం ఎర్రగా నిలవని రోజులు

బంగారాన్ని కంటికి కనబడనంత చిన్న కణాలుగా చేసి నీళ్లలో ఉంచితే అది పచ్చగా మెరవదు. ఎర్రగా ఉంటుంది. రంజాన్ నెలలో పంజాగుట్ట చౌరస్తాలో గ్లాసుల్లో పోసి అమ్మే గులాబీ షర్బత్తు రంగు. ఆ ఎరుపు ఉన్నంతసేపు కణాలు దేనికది విడివిడిగా తిరుగుతున్నాయని అర్థం. అవి ఒకదానికొకటి అంటుకుని ముద్ద కట్టాయంటే చూస్తుండగానే నేరేడుపండు రంగుకు తిరుగుతాయి. ఆ తర్వాత నీలమైపోయి అడుగున పేరుకుంటాయి. అలా అయ్యాక ఆ సీసాను పారబోయడమే.

ఆ కణాలకు యాంటీబాడీలు అంటించడం నా ఉద్యోగం. పంజాగుట్టలో ఫ్లైఓవర్ వెనక సందులో, కింద పెళ్లిచీరల దుకాణం, దాని పైన పళ్ల డాక్టరు, ఆ పైన మా కంపెనీ. డెంగీ పరీక్ష కార్డులు తయారుచేసేవాళ్లం. కార్డు మీద రక్తపు చుక్క వేస్తే పావుగంటలో ఎర్ర గీత పడుతుందే, ఆ గీతలో ఎరుపంతా మా సీసాల్లోని బంగారమే. ఇలా కణానికి అంటించే దేన్నైనా మా పుస్తకాల్లో లైగాండ్ అంటారు. మా లైగాండ్ యాంటీబాడీ. అది కణానికి సరిగ్గా పట్టుకుంటే గీత ముదురుగా వస్తుంది. పట్టుకోకపోతే వెలిసిపోయిన గీత వస్తుంది, లేదా అసలు రాదు. అప్పుడు డెంగీతో మంచం పట్టిన మనిషికి నీకు డెంగీ లేదని చెప్పినట్టవుతుంది.

మాది తెనాలి దగ్గర. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అయ్యాక అందరిలాగే నేనూ ఏదో కోర్సు నేర్చుకుందామని అమీర్‌పేటకు వచ్చాను. కోర్సు సగంలో ఉండగానే ఈ ఉద్యోగం దొరికింది. మధురానగర్ హాస్టల్లో ఉండేదాన్ని. అక్కడి నుంచి ఆఫీసుకు మెట్రోలో వెళ్లాలంటే అమీర్‌పేటలో రైలు మారాలి. ఆ మారే జనంలో పడలేక చాలాసార్లు నడిచే వెళ్లిపోయేదాన్ని.

ల్యాబులో ఈ పని చేసేవాళ్లం ఇద్దరమే. రెండో ఆయన సిరిసిల్ల మనిషి, నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. కంపెనీ ఒక్క గదిలో మొదలైననాటి నుంచి ఉన్నారట. చదివింది బీఎస్సీ. ఆఫీసులో అందరూ ఆయన్ని అన్నా అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆయన నన్ను మేడమ్ అనేవారు. ఆ పిలుపులో గౌరవం ఎంతో, దూరం ఎంతో నాకు అంతు పట్టేది కాదు.

సోమవారం, బుధవారం ఆయన బ్యాచ్. మంగళవారం, గురువారం నాది. ఏ పని తర్వాత ఏ పని చేయాలో వరసగా రాసిన ఎస్‌ఓపీ కాగితం ఒకటి మా ఇద్దరి మధ్య గోడకు అతికించి ఉండేది. బంగారం ఎంత, దాని పీహెచ్ ఎంత ఉండాలి, యాంటీబాడీ ఎంత, ఎన్ని నిమిషాలు కలపాలి, అన్నీ అందులో ఉన్నాయి. ఇద్దరికీ ఒకే ఫ్రిజ్, ఒకే నీళ్లు, ఒకే త్రాసు. అయినా ఆయన బ్యాచ్ ప్రతిసారీ ముదురు గీత ఇచ్చేది. నాది ఒక వారం బాగుండేది, ఇంకో వారం వెలిసేది. ఒక్కోసారి నా కళ్లముందే నేరేడు రంగుకు తిరిగేది.

జూలైలో వానలు మొదలై ఆస్పత్రుల నుంచి ఆర్డర్లు పెరిగాయి. వరసగా మూడో బ్యాచ్ పోయిన రోజున డైరెక్టర్ గారు నన్ను గదిలోకి పిలిచారు. ఆయనా మా వైపు మనిషే, గుంటూరాయన.

"ఏంటమ్మా ఇది? ఒకే కాగితం, ఒకే సీసా, ఒకే నీళ్లు. చెయ్యి మారితే రంగెందుకు మారుతోంది?"

"కాగితంలో ఉన్నట్టే చేస్తున్నాను సార్."

"ఆయన కూడా కాగితంలో ఉన్నట్టే చేస్తున్నాననే అంటున్నాడు మరి."

ఆ మాట నాతోపాటు హాస్టల్ దాకా వచ్చింది. ఇద్దరం ఒకే కాగితం చూసి చేస్తే ఫలితం వేరవుతోందంటే మా ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారు. నేను ఆడటం లేదని నాకు తెలుసు.

దానికి తోడు ఒకరోజు లిఫ్టులో పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చునే ఆవిడ కలిసింది. నా ముందు ఈ కుర్చీలో పనిచేసిన అమ్మాయి ఏడు నెలలకే మానేసి పోయిందని చెప్పింది. "గామె సుత గిట్లనే, రంగొస్తలేదు రంగొస్తలేదని ఏడ్చేది" అంది. నాకప్పటికి అయిదో నెల.

ఆ రోజు నుంచి ఆయన్ని గమనించడం మొదలుపెట్టాను. గమనించేకొద్దీ కొత్త కొత్తవి కనబడ్డాయి. అందరం తొమ్మిదిన్నరకు వస్తే ఆయన ఎనిమిదిన్నరకే వచ్చి ఉండేవారు. బ్యాచ్ మొదలుపెట్టే ముందు ఓ ఇరవై నిమిషాలు సింకు పక్క బల్ల దగ్గర నాకు వీపు పెట్టి ఏదో చేసేవారు. నేను దగ్గరికి వెళితే చేతిలోది టవల్ కింద పెట్టేసి, "ఏమన్న కావాల్నా మేడమ్?" అనేవారు. తన ఫ్లాస్కులు తానే కడుక్కునేవారు, ఇంకెవరినీ ముట్టనిచ్చేవారు కాదు. ఆయన కింది డ్రాయర్లో లేబుల్ లేని సీసా ఒకటి ఉండేది. మా ల్యాబులో మంచినీళ్ల సీసాకు కూడా లేబుల్ ఉండాలి, అది మొదటి రోజే చెప్పే నియమం.

ఒక గురువారం సాయంత్రం యాంటీబాడీ సీసా మీద, ద్రవం ఎక్కడిదాకా ఉందో అక్కడ, సన్నగా పెన్సిల్ గీత పెట్టి వెళ్లాను. సోమవారం ఉదయం ఆయన బ్యాచ్ మొదలుపెట్టకముందే ఏదో సాకుతో ఫ్రిజ్ తెరిచి చూశాను. మట్టం గీత కిందికి దిగి ఉంది. బ్యాచ్‌కు తీయాల్సినంత కాదు, కొద్దిగా. కానీ దిగి ఉంది. మా సరుకులన్నిటిలోకీ ఖరీదైనది అదే. గబుక్కున ఫ్రిజ్ మూసేశాను. దొంగ దొరికాడని సంతోషం కూడా వేసింది, అబద్ధం చెప్పను.

ఇంకొకటి మిగిలింది. వారానికి రెండు రోజులు ఆయన మధ్యాహ్నం పన్నెండున్నరకు నల్ల బ్యాగు భుజాన వేసుకుని బయటికి వెళ్లి రెండింటికి వచ్చేవారు. అన్నం డబ్బా మాత్రం బల్ల మీదే ఉండేది. ఒకరోజు వెనకాలే వెళ్లాను. మెట్రో స్తంభాల కింద గొడుగు వేసుకుని, ఇరవై అడుగుల దూరంలో. ఆయన వెనక్కి తిరగలేదు. అమీర్‌పేటలో ఒక సందులోకి తిరిగి, నాలుగంతస్తుల మేడ మెట్లెక్కి వెళ్లారు. ఆ మేడ ముందు పదీ పన్నెండు బోర్డులు ఒకదాని మీద ఒకటి. కంప్యూటర్ కోర్సులు, ఇంగ్లీషు, బ్యాంకు పరీక్షలు. వాటి మధ్య ఒక చిన్న బోర్డు మీద 'ఫార్మా, డయాగ్నస్టిక్స్ కన్సల్టెన్సీ' అని ఉంది. నా కళ్లకు మిగతా బోర్డులేవీ ఆనలేదు. మన సరుకు, మన పద్ధతి రెండూ ఇక్కడికే వస్తున్నాయని అక్కడికక్కడే తేల్చేసుకున్నాను. నా బ్యాచ్‌లు చెడగొడితే నేను పోతాను, ఇంకెవరూ ఆయన్ని అడిగేవాళ్లుండరు. అన్నీ చక్కగా అతుక్కున్నాయి.

మర్నాడు ఉదయం డైరెక్టర్ గారికి అంతా చెప్పాను. పెన్సిల్ గీత, లేబుల్ లేని సీసా, అమీర్‌పేట మేడ. చివర్లో, "నేను చెప్పానని ఆయనకు తెలియనివ్వకండి సార్" అన్నాను.

పదకొండు గంటలకు డైరెక్టర్ గారు ల్యాబులోకి వచ్చారు. ప్యాకింగ్ వాళ్లూ, అకౌంట్స్ ఆవిడా గుమ్మం దగ్గర గుమిగూడారు. కింది డ్రాయర్ తీయమన్నారు. ఆయన తీశారు. సీసా, టవల్లో చుట్టిన చిన్న చిన్న ట్యూబులు, అట్ట ఊడిపోయిన నోటుబుక్కు బయటికొచ్చాయి.

"ఏంటయ్యా ఇందులో ఉన్నది?"

"ఉప్పునీళ్లు సార్."

బంగారపు కణాల్లో ఉప్పునీళ్లు పడితే ఏమవుతుందో అక్కడున్న అందరికీ తెలుసు. ఒక్క చెంచాడు చాలు, ఎర్రటి ఫ్లాస్కు మొత్తం నీలమైపోతుంది. బ్యాచ్‌ను పాడుచేయాలనుకున్నవాడికి అంతకంటే సులువైన దారి లేదు.

"ఇది బంగారంలో పడితే ఏమవుతుందో తెలుసా నీకు?"

"తెల్సు సార్. నీలమైతది."

"మరి నీ డ్రాయర్లో ఎందుకుంది?"

"చూసుకునేటందుకు సార్."

ఏం చూసుకునేందుకని డైరెక్టర్ గారు అడగలేదు. నాకూ అడగాలనిపించలేదు. సీసా, నోటుబుక్కు తన గదిలోకి పట్టుకెళ్తూ, కబురు చేసేదాకా ఇంటి దగ్గరే ఉండమని చెప్పారు. ఆయన చేతులు కడుక్కుని, కోటు మేకుకు తగిలించి, అన్నం డబ్బా బ్యాగులో పెట్టుకుని వెళ్లిపోయారు.

మొదటి రోజు నా చేతులు తేలిగ్గా ఉన్నాయి. ఇక నా వెనక ఎవరూ లేరు. ఎస్‌ఓపీ కాగితాన్ని అక్షరం అక్షరం చదువుకుంటూ పీహెచ్ మీటర్‌ను సరిచూసుకుని బ్యాచ్ పెట్టాను. యాంటీబాడీ పోసిన పది నిమిషాలకు ఫ్లాస్కు అంచున నేరేడు రంగు కనబడింది. నా తొందర వల్లేమో అనుకుని మర్నాడు ఇంకోటి పెట్టాను. అది ఎర్రగానే ఉంది గానీ కార్డు మీద గీత వెలిసింది. మూడోనాడు పెట్టింది మధ్యాహ్నానికల్లా నీలం. ఫ్లాస్కులు నేనే కడిగాను. ఫ్రిజ్ తాళం నా దగ్గరే ఉంది. ఆయన సిరిసిల్లలో ఉన్నారో, ఇంట్లో ఉన్నారో, ఈ గదిలో మాత్రం లేరు. నేను అనుమానించడానికి ఇంకెవరూ మిగల్లేదు.

సాయంత్రం డైరెక్టర్ గారి గదికి వెళ్లి ఆ నోటుబుక్కు ఒకసారి చూస్తానన్నాను. "పోలీసు పని కూడా నువ్వే చేస్తావా?" అన్నారు గానీ ఇచ్చారు. ప్రతి పేజీ మీదా ఒక తేదీ. కింద ఒకటి నుంచి పది దాకా అంకెలు. ఒక్కో అంకె పక్కన 'ఎ' అనో, 'నీ' అనో రాసుంది. కొన్ని పేజీల్లో మూడో అంకె దగ్గరే 'నీ' పోయి 'ఎ' మొదలైంది. కొన్నిట్లో ఏడు దాకా రాలేదు. వానపడ్డ రోజు చిన్న గొడుగు బొమ్మ. కొత్త నీళ్ల డబ్బా తెరిచిన రోజు 'కొ.నీ.' అని. ఆయన బ్యాచ్ పెట్టిన ఏ రోజూ ఖాళీగా లేదు.

ఎ అంటే ఎరుపు, నీ అంటే నీలం. అది అర్థమవడానికి కెమిస్ట్రీ చదవక్కర్లేదు. అయినా మొదటి పేజీ నుంచి మళ్లీ తిరగేశాను.

మర్నాడు పన్నెండున్నరకు అమీర్‌పేట మేడ కింద నిలబడ్డాను. ఆయన వస్తారని నమ్మకం లేదు. ఒంటిగంట దాటాక మెట్ల మీద నుంచి కాలేజీ పిల్లలు గుంపుగా దిగారు. వాళ్ల వెనక ఆయన. చేతిలో స్పైరల్ పుస్తకం.

"ఏంది మేడమ్, గింత దూరం వచ్చిన్రు?"

"మీతో మాట్లాడాలన్నా."

పక్కనే ఉన్న ఇరానీ హోటల్లో కూర్చున్నాం. ఆయన చాయ్ చెప్పి, స్పైరల్ పుస్తకం బల్ల మీద పెట్టారు. కంప్యూటర్లో క్వాలిటీ రికార్డులు ఎలా రాయాలో చెప్పే పాఠాలు.

"నా పక్కన కూసునేటోళ్లకు ఇరవై ఏండ్లు సుత లేవు. అంకుల్ అంకుల్ అంటరు" అన్నారు. నవ్వలేదు.

"ఇప్పుడెందుకన్నా మీకిది?"

"ఎందుకేంది? మిమ్మల్ని తీసుకున్ననాడే అనుకున్న. ఎమ్మెస్సీ చదివినామెను తెచ్చిండ్రు. నా చేతిపని నేర్చుకుంటది, ఎన్కసిరి నన్ను పొమ్మంటరు. మీకంటే ముందున్న పిల్లప్పుడు సుత గట్లనే అనుకున్న. అందుకే వీపు పెట్టి చేసుకున్న. నీ పనేందో నువ్వు చూస్కో అన్నట్టు."

నేను అవమానంగా భావించిన ఆ వీపు ఆయనకు భయమట. "సార్‌కు చెప్పింది నేనే అన్నా" అన్నాను.

"తెల్సు."

"ఆయన చెప్పారా?"

"ఎవరు చెప్పాలె? డ్రాయర్ తీసినప్పుడు అందరు డ్రాయర్ల చూసిన్రు. మీరొక్కరే నేల చూసిన్రు."

ఆ ట్యూబుల సంగతి ఆయనే చెప్పడం మొదలుపెట్టారు. వాళ్ల మేనమామ సిరిసిల్లలో నూలుకు రంగులు అద్దేవాడట. ఏ బావి నీళ్లతో ఏ రంగు ఎలా తేలుతుందో ముందే ఎవరూ చెప్పలేరని, పెద్ద తొట్టిలో నూలంతా ముంచే ముందు చిటికెన వేలంత లడీ, అంటే నూలు చుట్ట, ఒకటి ముంచి ఆరబెట్టి చూసుకునేవాడని చెప్పారు.

"గదే నేను చేస్త. బ్యాచ్ పెట్టే ముందుగాల పది ట్యూబులల్ల చెంచెడు చెంచెడు బంగారం పోస్త. ఒక్కోదాంట్ల పీహెచ్ పెంచే కార్బొనేట్ చుక్క ఒక్కోటి ఎక్కువ. యాంటీబాడీ అన్నిట్ల ఒక్క తీరుగ. ఎన్కసిరి ఉప్పునీళ్లు పోస్త. యాంటీబాడీ సక్కగ పట్టుకుంటే ఉప్పు ఏం చేయలేదు, ఎర్రగనే ఉంటది. పట్టుకోకుంటే నీలమైతది. ఏ ట్యూబు నిలవడ్డదో గా లెక్కన పెద్ద ఫ్లాస్కుల పోస్త."

యాంటీబాడీ మట్టం దిగింది అందుకన్నమాట.

"కానీ పీహెచ్ ఎంత ఉండాలో కాగితంలోనే ఉంది కదా. మీటర్‌తో చూసుకుంటే సరిపోతుంది కదన్నా?"

"గా మీటర్ అబద్ధం చెప్తది మేడమ్. బంగారంల ముంచితే దాని గాజు మొన మీద కణాలు వట్కుంటయ్. పొద్దున సాఫ్ నీళ్లల్ల మంచిగనే చూపిస్తది, బంగారంల వెట్టినంక ఇష్టమొచ్చినట్టు చెప్తది. మీరు దాన్ని నమ్మిన్రు. నేను ఎవర్ని నమ్మ."

అయిదు నెలలు ఆ మీటర్ అంకెను రెండు దశాంశాల వరకూ రిజిస్టర్లో రాశాను నేను. దాన్ని ఒక్కసారీ అనుమానించలేదు. అనుమానించడానికి నాకు మనిషి దొరికాడు.

"ఇదంతా సార్‌కు ఎందుకు చెప్పలేదన్నా?"

"ఆడిట్‌కొచ్చినోళ్లు కాగితంల లేని పని ఒప్పుకోరు. చెప్తే బంద్ చేయమంటడు. చెప్పకుంటే కార్డులు మంచిగొస్తయ్."

తిరిగి రమ్మని అడిగాను. బయట మళ్లీ చినుకులు మొదలయ్యాయి. "వస్త. మీకు నేర్పుత. కానీ కాగితం మీద రాయాలె. దాని మీద నా పేరుండాలె" అన్నారు.

ఆ సాయంత్రమే డైరెక్టర్ గారి దగ్గరికి వెళ్లాను. మొదట ఒప్పుకోలేదు. అందంగా కథ అల్లాడన్నారు. అమీర్‌పేట మేడలో ఆ కన్సల్టెన్సీ సంగతేమిటన్నారు. నేను కళ్లతో చూసింది బోర్డు మాత్రమేనని, ఆయన ఏ గదిలోకి వెళ్లారో చూడలేదని అప్పుడు చెప్పాల్సి వచ్చింది. "చూడకుండానే చెప్పావా?" అన్నారు. "అవును సార్" అన్నాను. అంతకంటే సిగ్గుపడ్డ సందర్భం నా ఉద్యోగంలో ఇంకోటి లేదు. మర్నాడు అన్న వచ్చి డైరెక్టర్ గారి కళ్లముందే పది ట్యూబుల పరీక్ష చేసి చూపించారు. మీటర్ చూపించిన అంకెకు సరిపోయే ట్యూబు ఉప్పు పడగానే నీలమైంది. దానికి మూడు ట్యూబుల అవతలిది ఎర్రగా నిలబడింది.

కొత్త ఎస్‌ఓపీ రాయడానికి వారం పట్టింది. రాసింది నేను, చెప్పింది ఆయన. సంతకాల దగ్గర పేచీ వచ్చింది. టెక్నీషియన్ పేరు ఎస్‌ఓపీ మీద ఉండదని, ఆమోదించినవాళ్ల పేరే ఉంటుందని డైరెక్టర్ గారు అన్నారు. అన్న ఏమీ వాదించలేదు, కోటు విప్పి చేతిలో పట్టుకుని నిలబడ్డారు. అది చూసి చివరికి 'తయారుచేసినవారు' అనే చోట ఆయన పేరు పెట్టారు. 'సరిచూసినవారు' అన్న చోట నాది. డ్రాయర్ తీయించిన రోజు గురించి మాత్రం డైరెక్టర్ గారు ఆయనతో ఒక్క మాటా అనలేదు.

ఆ తర్వాత నా బ్యాచ్‌లు కుదుటపడ్డాయి. ఆ సీజన్ గట్టెక్కింది. మా ఇద్దరి సీసాలూ ఒకేలా ఉన్నాయో లేదో తేల్చుకుందామని, నగరంలోనే ఉన్న ఒక పెద్ద పరిశోధనాలయానికి చెరో సీసా పంపించారు. ఫలితం తెచ్చుకోవడానికి నేను వెళ్లాను. అక్కడి శాస్త్రవేత్త మా రెండు సీసాలూ బాగానే ఉన్నాయన్నాడు. కానీ ఒక సంగతి చెప్పాడు. మేము ఒక్కో కణానికి దాదాపు పది యాంటీబాడీలు అంటుకున్నాయని రాసుకునేవాళ్లం. అది సగటు మాత్రమేనట. అదే సీసాలో కొన్ని కణాలకు ఇరవై దాకా ఉంటాయి, కొన్నిటికి రెండో మూడో, కొన్నిటికి ఒక్కటి కూడా ఉండదు. ఎవరు కలిపినా, ఎంత బాగా కలిపినా అంతే. ఏ కణానికి ఎన్ని తగులుతాయన్నది ఎవరి చేతిలోనూ లేదు.

తిరిగొచ్చి అన్నకు చెప్పాను.

"అంటే నా సీసల సుత ఉత్త కణాలున్నయా?"

"ఉన్నాయన్నా. నా దాంట్లోనూ ఉన్నాయి."

"మస్తు మంచి గీత వస్తది కదా నా బ్యాచ్‌కు."

"వస్తుంది. అయినా ఉన్నాయి."

ఆయన ముఖం ముడుచుకుపోయింది. రెండు రోజులు నాతో పనికి మించి మాట్లాడలేదు. మూడోనాడు సెలవు పెట్టి తానే ఆ పరిశోధనాలయానికి వెళ్లొచ్చారని తర్వాత తెలిసింది. నేను ఇంకోసారి ఏదో అల్లి చెబుతున్నానని అనుకున్నారు. అనుకోవడంలో తప్పేముంది. "గా సార్ సుత గదే చెప్పిండు" అన్నారు వచ్చాక. అంతే. క్షమించమని ఆయన అడగలేదు, ఆయన అడగాల్సిన పనీ లేదనుకున్నాను. అడగాల్సింది నేను, ఇరానీ హోటల్లో ఒకసారి అడిగాను, ఆయన "ఫికర్ చేయకున్రి" అన్నారు. కానీ కింది డ్రాయర్‌కు కొత్తగా తాళం వచ్చింది. అందులో ఏముందని నేను ఎప్పుడూ అడగలేదు.

ఇంత చేశాక కూడా అప్పుడప్పుడూ ఒక బ్యాచ్ పోయేది. పది ట్యూబులూ చూసుకుని, నీళ్లు చూసుకుని, అన్నీ చూసుకుని పెట్టినా పోయేది. మొదటిసారి అలా అయినప్పుడు రిజిస్టర్లో కారణం రాసే చోట ఆయన 'తెలియలేదు' అని రాశారు. ఆడిట్ వాళ్లు ఊరుకోరు, ఏదో ఒకటి రాయమన్నారు డైరెక్టర్ గారు. అన్న పెన్ను నా ముందు పెట్టి, "మీరు రాయున్రి మేడమ్, మీకు తెలిస్తే" అన్నారు. నేను ఆయన రాసిన మాట కిందే సంతకం చేశాను.

ఆ మరుసటి ఏడాది ఆయన బాలానగర్ వైపు కొత్తగా పెట్టిన కంపెనీలో సూపర్‌వైజర్‌గా చేరారు. వెళ్లే రోజు ల్యాబులో అందరికీ మిఠాయి పంచారు. నాకు ఆ అట్ట ఊడిన నోటుబుక్కు ఇస్తారేమోనని ఎదురుచూశాను. ఇవ్వలేదు.

నాలుగు నెలలు ఏ కబురూ లేదు. ఒకరోజు ఉదయం హాస్టల్ నుంచి బయల్దేరుతుంటే ఫోను వచ్చింది.

"మేడమ్, ఇక్కడ బంగారం ఎర్రగ ఉంటలేదు. పది ట్యూబులు పెట్టినా పదీ నీలమే. ఏం సమజైతలేదు. జర ఒక్కసారి వచ్చి చూస్తరా?"

నాకు మొదట వచ్చిన ఆలోచన మంచిది కాదు. ఆయన వెళ్లాక మా కంపెనీ కొత్తగా మార్చిన పద్ధతి తెలుసుకోవడానికే పిలుస్తున్నారేమో అనుకున్నాను. లేదంటే డైరెక్టర్ గారికి తెలిసి నా ఉద్యోగం పోవాలనేమో అని కూడా అనుకున్నాను. ఫోను చెవి దగ్గర పెట్టుకుని అలాగే నిలబడ్డాను. అవతల ఆయన ఏమీ అనకుండా ఆగారు. నేనేం ఆలోచిస్తున్నానో ఆయనకు తెలుసనిపించింది.

శనివారం వస్తానన్నాను. వెళ్లాను. ల్యాబు మా దానికంటే పెద్దది, కొత్తది, అన్నీ మెరుస్తున్నాయి. ఆయన తలుపు తెరిచి, పక్కన ఇంకో కుర్చీ వేసి, ఈసారి బల్ల దగ్గర నా పక్కనే నిలబడ్డారు. నీళ్లు మార్చి చూశాం, కార్బొనేట్ కొత్త డబ్బా తెరిచి చూశాం, ఫ్లాస్కులు మళ్లీ కడిగాం. సాయంత్రం దాకా ఒక్క ట్యూబూ నిలవలేదు. ఏ కారణమూ దొరకలేదు.

"మంగళవారం వస్తరా?" అన్నారు.

"వస్తానన్నా" అని చెప్పి బస్సెక్కాను.